నంబరు లేని కవరుకు సాక్షి

1987వ సంవత్సరం సెప్టెంబరు పదకొండవ తేదీన మా విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించి, ముప్ఫై ఏడేళ్ల నిరంతర సేవ అనంతరం ఆవక జావక విభాగ సూపరింటెండెంటుగా నేడు పదవీ విరమణ చేస్తున్న మా మేడమ్ గారిని గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. ఈ వ్యాసంలో కొంత భాగం తీసేస్తే శుభమా అని జరుపుకునే వేడుక సాఫీగా సాగుతుందని ఈ వీడ్కోలు సంచిక కమిటీ పెద్దలు రెండుసార్లు సూచించారు. అచ్చు దిద్దే పని నాకే అప్పగించారు కనుక తీయలేదు.

తొలి పదిహేనేళ్లూ మేడమ్ గారు స్నాతకోత్సవ పట్టాలు టైపు చేశారు. వేలాది పేర్లలో ఒక్క అక్షరం తప్పు పడిందన్న ఫిర్యాదు రాలేదని నాటి అధికారులే రాసిపెట్టారు. అటుపైన అనుబంధ కళాశాలల విభాగంలోనూ, 2009 నుండి మెట్ల కింద, వచ్చీపోయే కాగితాలు నమోదు చేసే మా ఆవక జావక కిటికీ దగ్గరా పనిచేశారు. కాగితం తెచ్చింది ఆచార్యులైనా, హాస్టలు వంటమనిషి అయినా నంబరు వేసి, తేదీ వేసి, రసీదు ఇచ్చి పంపేవారు. అందుకే చాటున అందరం ‘నంబరమ్మ’ అనేవాళ్లం. ఇంట్లో అర్జీ పెట్టుకుంటే గానీ టీ రాదని వారి శ్రీవారు ఇప్పటికీ వాపోతుంటారు.

ఇక అసలు సంగతి. ‘గోప్యం’ అని రాసిన కవరును తెరవకూడదు, రిజిస్టరులో ఎక్కించకూడదు, నేరుగా పై అంతస్తుకు చేర్చాలి అన్నది మా ఆనవాయితీ. అధ్యాపకుల అసభ్య ప్రవర్తన మీద ఫిర్యాదు చేసే ఆడపిల్లలకు, పరువు కాపాడుకోవాలంటే కవరు మీద ‘గోప్యం’ అని రాయమ్మా అని పెద్దలు సలహా ఇచ్చేవారు. ఆ పిల్లలు అలాగే రాసేవారు. ఆ కవర్లు వచ్చినట్టు ఎక్కడా ఆధారం ఉండేది కాదు. ఇందులో ఏదో తేడా ఉందని మాకెవరికీ తట్టలేదు.

నాలుగేళ్ల క్రితం ఒక పరిశోధక విద్యార్థిని తన గైడు సాగించిన లైంగిక వేధింపులపై రాసిన ఫిర్యాదును అలాంటి కవరులోనే తెచ్చింది. ఆ పూట కిటికీలో ఉన్నది నేను. నంబరు వేయకుండానే పైకి చేర్చాను. రెండు నెలల తర్వాత ఆమె పై అంతస్తుకు వెళ్లి అడిగితే, అటువంటి ఫిర్యాదేదీ అందలేదని జవాబు వచ్చింది. తిన్నగా మా దగ్గరికి వచ్చింది.

“ఇక్కడే ఇచ్చానండీ. ఈయనే తీసుకున్నారు,” అంది.

నేను తల దించుకున్నాను. పక్క సీట్లోంచి మేడమ్ గారు లేచారు.

“ఇచ్చావమ్మా. నేను చూశాను. పోగొట్టింది మేమే,” అన్నారు.

అప్పటికప్పుడు కాగితం తీసుకుని, ఫలానా తేదీన కవరు అందిందని, నంబరు వేయకపోవడం తన తప్పేనని రాసి, సంతకం చేసి, దానికి నంబరు వేసి నకలు ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. మర్నాటి నుంచి గోప్యపు కవర్లకు తెరవకుండానే పైన నంబరు వేయడం మొదలుపెట్టారు. వారం తిరగకుండా రిజిస్ట్రారు గారి నుంచి పిలుపు వచ్చింది. ఫైళ్లు మోస్తూ నేనూ వెంట వెళ్లాను.

“మీకెందుకండీ ఇవన్నీ? ఆయన ఎంత పెద్ద ప్రొఫెసరో తెలుసా?”

“తెలుసండీ. ఆయన పట్టా టైపు చేసింది నేనే. లోపల ఏముందో నేను చూడట్లేదు, వచ్చిందని రాస్తున్నానంతే. అది రాయడానికి కూడా భయపడితే ఇక ఈ సీట్లో నేనెందుకు?”

బయటికొచ్చాక మేడమ్ గారు మెట్ల మీద కూలబడ్డారు. “ఎవరైనా వస్తుంటే చెప్పు, లేస్తాను,” అని నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు సిగ్గేసింది.

తర్వాత ఇద్దరు జూనియర్లు ఆవిడను దాటుకుని పై పదవులకు వెళ్లారు. ఆ అమ్మాయి చదువు మానేసింది గానీ, ఆ నకలు పట్టుకుని కాళ్లరిగేలా తిరిగింది. ఎట్టకేలకు ఒక విచారణ సంఘం ఏర్పడింది. వచ్చే నెల పద్దెనిమిదో తేదీన వాంగ్మూలాలు. నంబరమ్మ రిటైరైతే గొడవ దానంతటదే సద్దుమణుగుతుందని కొందరు లెక్కలు వేసుకుంటున్నారు. వారి పప్పులుడకవు. ఆవిడ వస్తున్నారు.

నేనూ వస్తున్నాను. తప్పు తనదేనని ఆవిడ రాసిన వాక్యం చాటున నాలుగేళ్లు దాక్కున్నాను, ఇక చాలు. నంబరు వేయనిది నేను. ఆ కవరును పైకి తీసుకెళ్లి, ఈ సంచిక మొదటి పుటలో శుభాకాంక్షలు రాసిన రిజిస్ట్రారు గారి చేతికే ఇచ్చాను. వారు దాన్ని నా ఎదుటే చింపి చదివారు. ఈ మాట మేడమ్ గారికి కూడా ఇవాళే తెలుస్తోంది, మన్నించమని వేడుకుంటున్నాను.

మేడమ్ గారు భర్తతో, బిడ్డలతో నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి. ఆ అమ్మాయి తిరిగి వచ్చి, పరిశోధన ముగించి, ఈ ప్రాంగణంలోనే పట్టా అందుకునే రోజున వారు మొదటి వరుసలో కూర్చుని ఉండాలి.