జెండా వెనకాల అమ్మ

హలో… ఆ, నేనే. మీ అక్కనే. ఎందుకంత ఉలిక్కిపడతావ్, మీ బావగారనుకున్నావా?… ఆయన పొద్దుట్నుంచీ నాకే ఫోన్లు చేస్తున్నారులే. బట్టలుతికే మెషీన్‌కి మూడు నోళ్ళున్నాయట, సబ్బుపొడి ఏ నోట్లో పొయ్యాలని. పదేళ్ళుగా ఆయనా అదీ ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఇంతవరకూ ఒకళ్ళకొకళ్ళు పరిచయం కాలేదట… నవ్వకు. నిన్ను నవ్వించడానికి చెయ్యలేదు.

ఇంట్లోనేనా?… మరదలు పక్కనుందా?… అయితే ఇద్దరూ వినండి.

అమ్మ పడిపోయింది.

…లేదురా, బాగానే ఉంది… బాగానే ఉందంటున్నానా! హోటల్ గదిలో పడుకుంది. నా ఎదురుగానే… ఎముకలేం విరగలేదు… చెప్తాను, నన్ను చెప్పనిస్తే కదా.

పొద్దున మ్యూజియంలో. కత్తులూ డాళ్ళూ ఉన్న హాల్లో. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే జారిపోయింది… నేనా? నేను… అక్కడే. బొమ్మకార్డులమ్మే కొట్టు దగ్గర… అదే హాలు కాదు, పక్క హాలు. ఏం, కార్డులు కొనకూడదా?

పట్టుకున్నది హెడ్మాస్టరుగారు. రిటైరైనాయన, మా బస్సే. ఆయనొక పక్క, జెండా ఒక పక్క… జెండా అంటే గైడ్. పసుపు జెండా ఎత్తి పట్టుకుని ముందు నడుస్తాడు, ముప్ఫైమందిమి వెనకాల బాతుపిల్లల్లా నడవాలి. నీ పుణ్యమా అని ఈ వయసులో అమ్మ కూడా బాతుపిల్లయింది.

…ఆ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ జెండానే. అది ఆయన పని, దానికి దండలెయ్యక్కర్లేదు. సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీళ్ళు లేవన్నాడు డాక్టరు. ఎండిపోయిందట మనిషి… ఎందుకా? నన్నడుగుతావేంటి? టూరు బుక్ చేసింది నువ్వు, నన్నడుగుతావా?

నీళ్ళు తాగట్లేదురా అమ్మ! బస్సెక్కిన దగ్గర్నుంచీ గొంతు తడుపుకోవడమే తప్ప తాగింది లేదు. తాగితే దిగాలి. దిగాలంటే బస్సాపాలి. డెబ్భై నాలుగేళ్ళావిడ ముప్ఫైమందిలో లేచి నిలబడి, బాబూ నాకు అవసరమొచ్చింది అనాలా?… ఆపుతాడు, ఎందుకాపడు? తనకి టీ తాగబుద్ధైతే ఆపుతాడు ఆ డ్రైవరు. నిన్న పెట్రోలు బంకు దగ్గర ఆపాడు. మళ్ళీ కాస్త దూరం పోయాక ఇంకోటి కనపడితే ఆపాడు. మగమహారాజు టీ తాగాలిగా. ముసలాళ్ళు మాత్రం బిగబట్టుకుని కూర్చోవాలి.

చెప్పానా లేదా నీకు? మేమిద్దరమే వెళ్తాం, రైల్లో పోయి ఒక్క ఊళ్ళో ఉంటాం అని మొత్తుకున్నానా లేదా?… పొద్దున చల్లగా ఉండగా ఒక్క చోటు చూడ్డం. మధ్యాహ్నం నడుం వాల్చడం. సాయంత్రం సముద్రం ఒడ్డున బల్ల మీద కూర్చోవడం. నచ్చితే గంటసేపు ఉంటాం, నచ్చకపోతే ఓ నమస్కారం పెట్టి వచ్చేస్తాం. అదీ ప్రయాణమంటే! ఇది ప్రయాణం కాదురా, పరుగుపందెం. ఈలేస్తే దిగాలి, ఈలేస్తే ఎక్కాలి. జలపాతానికి ఇరవై నిమిషాలిచ్చాడు. అది సృష్టి మొదలైన దగ్గర్నుంచి పడుతోంది పాపం, మాకు ఇరవై నిమిషాలు. అందులో సగం ముందువాళ్ళ వీపులు చూశాం.

…ఏంటీ?… మళ్ళీ అను… ‘నువ్వొక్కదానివి ఏం చేస్తావక్కా.’ ఆ! బుక్ చేసేటప్పుడూ ఇదే మాట. నేనొక్కదాన్నే ఒక సంసారం నడుపుతున్నాను నాయనా. జీతం రాదు కాబట్టి నీ కంటికి అది పనిలా ఆనదు. టికెట్టు కొనలేనా? రెండు బ్యాగులు మొయ్యలేనా? నీ కంటే రెండు మార్కులు ఎక్కువే తెచ్చుకుని డిగ్రీ పాసయ్యాను, మర్చిపోయావేమో.

…పడితే ఎవరు పట్టుకునేవాళ్ళంటావు. నేను పట్టుకునేదాన్ని!… కార్డుల కొట్టు దగ్గర్నుంచి కాదు, పక్కనే ఉండేదాన్ని కదా! అసలు పడేదే కాదు!

సరే. నాకు నీ సంజాయిషీలొద్దు. టూరువాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి ఈ జెండా మీద గట్టిగా చెప్పు. పెద్దవాళ్ళని గుక్కెడు నీళ్ళు తాగనివ్వకుండా తిప్పుతున్నాడని చెప్పు. రేపటి బస్సు మేం ఎక్కట్లేదు, మాకు రైలు చూడు… మెల్లిగా ఏంటి మెల్లిగా? ఇప్పుడే. నీకు మొహమాటమైతే మరదల్ని తన ఫోన్లోంచి చెయ్యమను. తన నోరు గట్టిది… తిట్టట్లేదు, పొగుడుతున్నానని చెప్పు.

…చేస్తోందా?… ఆ, నాకే వినపడుతోంది. అబ్బ. శభాష్. పెళ్ళయిన దగ్గర్నుంచి ఒక్క మాట మీద నిలబడ్డామంటే ఇదే మొదలు, వదినా మరదళ్ళం.

ఏమంటున్నారు?… ఇప్పుడేనా?… ఇప్పుడే ఆయన్ని బస్సు దింపేస్తారా? కింద అందరూ భోజనాల్లో ఉన్నారు, ఆయనా అక్కడే ఉంటాడు… సాయంత్రానికి వేరే గైడ్‌ని పంపుతారు, సరే… ఇంక అసలు పనే ఇవ్వరా? ఏ టూరుకీ?… అంటే… మరీ అంత… కాదులే. సరే. జరగాల్సిందే. పోతే పోనీ.

ఉండు, అమ్మ లేచింది… ఏంటమ్మా? పడుకో… తమ్ముడు. నీ గురించే… ఆ జెండా సంగతి తేలుస్తున్నాం. రేపు మనిద్దరం హాయిగా రైలెక్కి… రానంటావేంటి?

ఒరే, రైలెక్కనంటోంది… నాకేం తెలుసు, మందు మత్తేమో… లేదులేమ్మా, మత్తు లేదు, నీకంత తెలివి ఇంకెవరికీ లేదు. చెప్పు… ఎవరు?… ఎప్పుడు చెప్పాడు?… మైకులోనా?

…ఉండరా. మొదటిరోజే జెండా చెప్పాడంటోంది. పెద్దవాళ్ళెవరికైనా అవసరమైతే ఊరికే చెయ్యెత్తండి, నోరు తెరిచి చెప్పక్కర్లేదు, ఎక్కడైనా ఆపుతాం అన్నాడట… నాకెలా వినపడుతుంది? చెవుల్లో దూది పెట్టుకున్నాను!… ఎందుకేంటి, ఆ మైకు గోల పడలేక. నీ టూరు మీద ఒళ్ళు మండి.

మరి పెట్రోలు బంకు దగ్గరమ్మా?… టోపీ ఆవిడా? పెద్ద పూలటోపీ, ఆవిడేనా?… రెండుసార్లూ ఆవిడే చెయ్యెత్తిందా?

…టీకనుకున్నాను నేను.

నువ్వు నోరు మూసుకో, నవ్వితే ఫోన్లోంచి వచ్చి కొడతాను. అమ్మా, ఆపుతారని తెలిసినప్పుడు నువ్వెందుకు తాగలేదు? చెయ్యెత్తడానికి నీకేం పొయ్యేకాలం?

…

…ఏం లేదురా. నా వైపు చూస్తోంది.

…

నేనన్నానా?… ఏదో మాటవరసకి అన్నానమ్మా. దారిలో ఎక్కడ ఆపుతారో ఏమో, కాస్త తగ్గించి తాగు అన్నాను… ఆ, రోజూ అన్నాను. రోజూ బస్సెక్కే ముందే అన్నాను… సీసా?… సీసా నీకు బరువని నా సంచిలో పెట్టుకున్నాను. అడిగితే ఇవ్వనా?

అసలు నేర్పిందే నువ్వు! ఊరికి పోవాలంటే పొద్దుట్నుంచీ మమ్మల్ని కుండ దగ్గరికి పోనిచ్చేదానివా? ఒరే, నువ్వు చెప్పు. మనింట్లో ప్రయాణమంటే మూతి కట్టుకోవడమే కదా?… చూశావా, వాడూ ఔనంటున్నాడు… ఆ?… అప్పుడు మీకు ఎనిమిదో పదో, నాకిప్పుడు డెబ్భై నాలుగు అంటోంది.

…ఉండరా, ఇంకా ఏదో అంటోంది… గట్టిగా చెప్పమ్మా…

…

ఉన్నాను. లైన్లోనే ఉన్నాను.

‘బయల్దేరిన దగ్గర్నుంచీ నువ్వు మొహం మాడ్చుకుని ఉన్నావు. నీళ్ళడిగితే ఇంకో మాటంటావని ఊరుకున్నాను.’ అదీ అన్నది… ముప్ఫైమందికి సిగ్గుపడలేదురా ఆవిడ. నాకు భయపడింది.

…వద్దు. ఓదార్చకు. నువ్వు ఓదారిస్తే నాకు ఇంకా మండుతుంది.

రైలు ఎందుకొద్దో కూడా చెప్తోంది, విను. రైల్లో అయితే మేమిద్దరమే ఉంటామట. నేను తాగమన్నప్పుడు తాగాలి, లెమ్మన్నప్పుడు లేవాలి. బస్సులో అయితే గైడ్ ఉత్త గైడే, రైల్లో నేనే గైడు, నేనే డ్రైవరు, ఈల కూడా నేనేనట… ఆ మాట నవ్వుతూ అంటోందిరా. నవ్వుతూ అంటే నేనేం చెయ్యను?

నీ టూరు గొప్పదని నేననట్లేదు. ఆ జలపాతం సంగతి నిన్ను ఊరికే వదిలిపెట్టను. అమ్మకి కావాల్సిన నడక ఇది కాదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఇవాళ… ఒరే! మరదలేది? ఆపు, ఆఫీసువాళ్ళని ఆపమను!… పెట్టేసిందా? మళ్ళీ చెయ్యమను, వెంటనే చెయ్యమను…

ఎవరో తలుపు కొడుతున్నారు. పెట్టెయ్యకు.

…

జెండారా. చేతిలో జెండా లేదు. భుజాన బ్యాగుంది.

రండి… లేచే ఉంది, చూడండి… కూర్చోండి… వెళ్ళే ముందు అమ్మగారిని ఒకసారి చూసిపోదామని వచ్చాడట. వినపడిందా? కబురు అందినట్టుంది. నన్నేమీ అడగట్లేదు. అమ్మకి కొబ్బరినీళ్ళు తెచ్చాడు, గ్లాసు కోసం చూస్తున్నాడు… ఆ బల్ల మీదుందండీ.

ఏమైంది, దొరికిందా ఆఫీసు?… ఏం చెప్పాలా? ‘మా ఆడపడుచుదే తప్పు’ అని చెప్పమను… అవును, అదే మాట. ఎన్నేళ్ళుగా కడుపులో దాచుకుందో, గొంతెత్తి చెప్పుకోమను. స్పీకర్లో పెట్టి చెప్పమను… ఒప్పుకుంటున్నారా?… నేను చెప్తేనే వింటామంటున్నారా? చెప్తాను, నా నంబరివ్వు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెప్తాను.

…ముందు ఈయనకా?… తెలుసు. నువ్వు చెప్పాలా నాకు?… లేదు, పెట్టెయ్యకు. పెట్టేస్తే మళ్ళీ నాకు నోరు రాదు. అలాగే ఉండు.

ఏమండీ… ఆ బ్యాగు కింద పెట్టండి. ఫిర్యాదు చేయించింది నేను. అమ్మని నీళ్ళు తాగొద్దన్నదీ నేనే. మీరేం చెయ్యలేదు.

తప్పు నాదండీ.