ఎర్ర గుర్తు చెరిగిన ర్యామ్

నా పేరు సెర్వా అఫ్రియే. వయసు యాభై రెండు. గృహిణిని. కుమాసి నగరంలో లారీల అడ్డా వెనక వీధిలో నివాసం. కంప్యూటర్ రిపేరు చేసే ఫుసేని మీద మంగళవారం ఇదే స్టేషన్లో దొంగతనం ఫిర్యాదు ఇచ్చింది నేనే. ఈ రోజు శుక్రవారం. ఉదయం పదిగంటలకు నా అంతట నేనే వచ్చి ఇన్‌స్పెక్టర్ ఒడూరో గారి ముందు మళ్లీ చెబుతున్నాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. ఫుసేని ఇంకా లాకప్‌లోనే ఉన్నాడని తెలిసి వచ్చాను.

మా అమ్మ పోయి నెల అయింది. మా ఆచారంలో అంత్యక్రియలు ఆలస్యంగానే చేస్తాం, అవి వచ్చే శనివారం. ఆ రోజు పెట్టాల్సిన ఆమె ఫొటోలన్నీ మా కంప్యూటర్లో ఉన్నాయి. మొన్న పిడుగులు పడ్డప్పుడు అది ఆగిపోయింది. మదర్‌బోర్డు పోయింది, మార్చాలి అని చూసినవాళ్లు అన్నారు.

బజారుకు ఇస్తే లోపలి ముక్కలు మార్చేస్తారని మా వీధిలో అందరికీ తెలుసు. ఫ్రిజ్ అయినా, ఫ్యాన్ అయినా, గుర్తు పెట్టకుండా ఎవరూ ఇవ్వరు. నేనూ పెట్టాను. కంప్యూటర్ పెట్టె మూత తీసి, మా అమ్మాయి ఎర్ర గోళ్లరంగుతో ప్రతి ముక్క మీదా చుక్క వేశాను. ర్యామ్‌లు రెండు ఉన్నాయి. చిన్న పలకల్లాంటివి. వాటిని ఊడదీసి, రిపేరువాడి కంటపడకూడదని కింది అంచున, రెండు వైపులా పూశాను. ఆరాక మళ్లీ పెట్టేశాను. ఈ సంగతి ఫుసేనికి చెప్పలేదు. చెబితే ఇక గుర్తెందుకు?

మంగళవారం పొద్దున అతని కొట్టుకి తీసుకెళ్లాను. అందులో పోయిన మా అమ్మ ఫొటోలున్నాయని చెప్పాను.

"వదిలేసి వెళ్లండమ్మా, సాయంత్రానికి అయిపోతుంది" అన్నాడు.

"నేను వెళ్లను. ఇక్కడే కూర్చుంటా."

"కూర్చోండి. నా పని చూస్తే మీకే కునుకొస్తుంది."

"నా కళ్లు అంత తేలిగ్గా మూతపడవులే నాయనా."

అతను నవ్వాడు. ఎందుకు నవ్వాడా అనుకున్నాను.

కొత్త బోర్డు బిగించి స్విచ్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. కంప్యూటర్ తెర నల్లగానే ఉంది. పెట్టె కూత పెట్టింది, ఆగింది, మళ్లీ కూత పెట్టింది. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. అదే కూత. అప్పుడు ఒక ర్యామ్ ఊడదీసి, దాన్ని పట్టుకుని కొట్టు వెనక్కి వెళ్లాడు. అక్కడ అడ్డంగా నీలం గుడ్డ తెర ఉంది. తెర వెనక ఏం చేశాడో నాకు కనబడలేదు. తిరిగొచ్చి దాన్ని పెట్టి స్విచ్ నొక్కాడు. అదే కూత.

"తెర వెనక ఏం చేశావ్?"

"తుడిచానమ్మా. ఏదో బంకలా అంటుకుంది. రెండోది కూడా చూడాలి."

నేను లేచి ఆ ర్యామ్ లాగి చూశాను. నా ఎర్ర గుర్తు లేదు.

"నా గుర్తేదిరా?"

"ఏ గుర్తు?" అంటూ అతను చొక్కా జేబు తడుముకున్నాడు. నాకు ఆ తడుముకోవడం చాలు. దొంగ, దొంగ అని అరిచాను. మా బజార్లో ఆ అరుపు వింటే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు.

కెంకీ, అదే మొక్కజొన్న పిండి ముద్దలు, అమ్మే ఆమె "ఉత్తరాది వాడు కదా, ముఖం చూస్తే తెలీదూ" అంది. చెప్పులు కుట్టేవాడు చెక్క తీశాడు. ఫుసేని చెవి పగిలింది. "చూడండి, ముందు చూడండి" అంటూనే ఉన్నాడు. పోలీసులు వచ్చి జేబు వెతికితే దువ్వెన, నమిలే కోలాకాయ ఒకటి దొరికాయి. అప్పుడు నేను, తెర వెనక ఎవరికో అందించాడు అని రాయించాను. అందించడం నేను చూడలేదు. అలాగే జరిగి ఉంటుందని చెప్పాను.

పెట్టె ఇంటికి తెచ్చాను. ఇంకో రిపేరువాణ్ణి నమ్మబుద్ధి కాలేదు. వేరుశెనగ పులుసు చేదెక్కితే అందులో వేసినవి ఒక్కొక్కటీ విడిగా రుచి చూస్తాను. గురువారం పగలు అలాగే చేశాను. ర్యామ్‌లు రెండూ తీసి, గుర్తు లేనిది ఒక్కటే పెట్టాను. కంప్యూటర్ లేచింది. తెర మీద అమ్మ, తలగుడ్డతో. అది తీసి, గుర్తున్నది ఒక్కటే పెట్టాను. కూత.

దొంగ నా చెడ్డది తీసుకుని తన మంచిది ఎందుకు పెడతాడు? కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. గుర్తున్నదాని మీద నా రంగు కారి, బోర్డుకు తగలాల్సిన బంగారు పళ్ల మీద ఎండిపోయి ఉంది. గుర్తు లేనిదాని చివరి పన్ను సందులోనూ సన్నని ఎర్ర గీత ఉంది. అదీ నాదే. గోళ్లరంగు చెరిపే మందుతో రెండోదాన్ని నేనే తుడిచాను. తుడిచాక అదీ పనిచేసింది. అతను తెర వెనక చేసిందీ ఇదే అయి ఉండాలి. తెర ఎందుకని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది. దుమ్ము పడకుండా అయి ఉంటుంది.

ఈ పొద్దున ఇక్కడికి రాకముందు ఆ కొట్టు దగ్గరికి వెళ్లాను. మంగళవారం నిలబడ్డ చోటే నిలబడి, ఫుసేని దొంగ కాదు, ఆ రంగు పూసింది నేనే అని గట్టిగా చెప్పాను.

"అక్కా, కెంకీ కావాలా? వద్దంటే దారి వదులు" అంది ఆమె.

చెప్పులు కుట్టేవాడు "మొన్నటి గొంతు ఏమైంది పెద్దమ్మా? ఇవాళ వినబడటం లేదే" అన్నాడు. మళ్లీ చెప్పాను. మొన్న పరుగెత్తి వచ్చినవాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు ఫుసేనిని బయటికి పిలిపించారు. చెవికి కట్టు ఉంది. జరిగింది అతనికి చెప్పాను.

"అమ్మగారి ఫొటోలు ఉన్నాయా?" అని అడిగాడు.

ఉన్నాయన్నాను.

"అరిచిన చోటే చెప్పారా?"

చెప్పానన్నాను.

"వాళ్లు విన్నారా?"

లేదన్నాను. ఎవరూ వినలేదని కూడా రాయమని ఇన్‌స్పెక్టర్ గారిని కోరాను.

రాసింది నాకు చదివి వినిపించారు. మంగళవారం చెప్పినదానిలో నేను చూడనిది ఉంది. ఇందులో నేను చూడనిదాన్ని చూసినట్టు చెప్పలేదు. ఇది నిజమని నా చేత్తో సంతకం చేస్తున్నాను.

(సంతకం) సెర్వా అఫ్రియే