అయిదు క్లచ్ మూతలు

కాదండీ, అలా తల ఊపకండి, మళ్ళీ రక్తం వస్తుంది. రెండు గంటలు నోరు మెదపొద్దని పళ్ళ డాక్టరు చెప్పాడట కదా? దూది గట్టిగా కొరికి పట్టుకోండి. ఇవాళ మాట్లాడేది నేను.

అవును, నేనే. ఇరవై రెండేళ్ళ కాపురంలో మీరు చెప్పడం, నేను ఊఁ కొట్టడం. ఈ రెండు గంటలూ మీరు ఊఁ కొట్టండి.

ఆ కాగితం, పెన్నూ పక్కన పెట్టండి. నేను చదివింది అయిదో తరగతి. మీ కోడిగీతలు కూడబలుక్కునేసరికి సాయంత్రమవుతుంది.

నేననేది ఏంటంటే, ఇంట్లో గిన్నెలకు మూతల్లేవండీ! ఉన్న ఒక్క మూతకీ పిడి ఊడిపోయింది. మీ బండి ఇంజనుకి మాత్రం అయిదు మూతలా? నల్లది, ఎర్రది, వెండిది, బంగారు రంగుది, ఇవి చాలక అద్దంది ఒకటి. లోపల క్లచ్ తిరుగుతుంటే కనిపిస్తుందట. కనిపిస్తే ఏంటి? మీ అమ్మగారు దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇందులో చేపలేవిరా?" అన్నారు. మీరు మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

అసలు ఏమైందని ఇదంతా? స్టాండు సరిగ్గా వెయ్యక బండి కుడిపక్కకి పడింది. క్లచ్ మూతకి గీత పడింది. ఎంత గీత? నా చిటికెన గోరంత. పిల్లి గీరినా అంతకన్నా పెద్దది పడుతుంది.

"గీత పడ్డ మూతతో నలుగురిలో తిరగలేను" అని ఊడదీశారు. నూనంతా నేను బట్టలు నానబెట్టుకునే బేసినులోకి వంపారు. ఇంజను నోటికి ప్లాస్టిక్ సంచి కట్టారు. వారంలో కొత్త మూత బిగిస్తానన్నారు. ఆ వారానికి అయిదు నెలలు నిండాయండీ!

ఏది బిగించాలో తేలదాయె. క్షవరం చేసే అతన్ని అడిగారు, నల్లదన్నాడు. పైవాటా ఆయన వెండిదన్నాడు. మీ చెల్లెలు ఫోన్లో బంగారుదంది, ఆవిడకెప్పుడూ బంగారమే. ఏ రంగో తేల్చమంటే ఫోన్లో మొహం తెలియనివాళ్ళు రెండొందల మంది ఓట్లు వేశారు. ఇవాళ ఆ పళ్ళ డాక్టరు నోరు తెరవమంటే ఫోను తెరిచారట కదా! మీ వెంట వచ్చిన మీ తమ్ముడే చెప్పాడు. మత్తుసూది పట్టుకుని పాపం ఆయన, "ఎర్రది బాగుందండీ, ఇక పడుకోండి" అన్నాడట.

నవ్వకండి. నవ్వితే కారుతుంది.

ఇక్కడ నా సంగతి చూడండి. మీరు బండి మీద దింపడం ఆగిపోయాక చొక్కాల కంపెనీకి యాభై నిమిషాల నడక. వానొస్తే గంట. నిన్న సూపర్‌వైజరమ్మ పిలిచింది. "ఈ నెలలో ఏడుసార్లు ఆలస్యం, అక్కా. సోమవారం గంట కొట్టేసరికి నువ్వు కుర్చీలో లేకపోతే నీ మిషను మీద ఇంకొకరు కూర్చుంటారు" అంది. పదకొండేళ్ళుగా కాజాలు కుడుతున్న మిషనండీ అది. పెడలు నా కాలికి అలవాటుపడిపోయింది. ఎందుకు ఆలస్యమవుతోందని అడిగితే ఏం చెప్పను? మా ఆయన మూత ఎంచుకుంటున్నాడమ్మా అనా?

అందుకే... మీరు లేచి కూర్చోకండి, వినండి. అందుకే పొద్దున మీరటు ఆస్పత్రికి వెళ్ళగానే, నేనిటు వీధి చివర మెకానిక్ దగ్గరికి వెళ్ళాను.

నేనే. ఒక్కదాన్నే.

షాపు ముందు పావుగంట నిలబడ్డాను. నలుగురు వచ్చి గాలి కొట్టించుకుని వెళ్ళారు. చివరికి అతనే, "ఏంటక్కా, సైకిలు పంచరా?" అన్నాడు. నా దగ్గర సైకిలెక్కడుంది? అయినా తలూపాను. తర్వాత సర్దుకుని చెప్పాను లెండి.

ఇంటికొచ్చాడు. అయిదు మూతలూ వరసగా పేర్చి చూపించాను. ఒకటెత్తి ఇంజను నోటికి ఆనించి చూశాడు, రెండోది ఆనించాడు, ఇక నవ్వడం మొదలెట్టాడు. "ఇవి ఈ బండివి కావక్కా. దీని పెద్దన్నవి, పెద్ద ఇంజను బండివి. ఏ రంగుదైనా జన్మలో ఎక్కదు" అన్నాడు.

దూది! దూది మింగేరు!

తర్వాత పాత మూత తెచ్చిచ్చాను. "దీనికేమైంది?" అన్నాడు. గీత చూపించాను. "ఎక్కడ?" అన్నాడు. మళ్ళీ చూపించాను. వెలుతురులోకి తీసుకెళ్ళి, "ఎక్కడక్కా?" అన్నాడు. నాకే సిగ్గేసింది. మధ్యలో నూనె కారకుండా కొత్త ప్యాకింగు అట్ట వేసి, ఆ పాతదే బిగించి, నూనె పోశాడు. రెండో తన్నుకి బండి గుర్రుమంది.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

ఆ మూతలు ఎక్కవని మెకానిక్ చెబితే నాకు ఆశ్చర్యం వెయ్యలేదండీ. నాకు ముందే తెలుసు.

మొదటి వారంలోనే తెలుసు. బంగారు మూత తుడుస్తూ బోల్టు కన్నాలు లెక్కపెట్టాను. పది. ఇంజను నోటి చుట్టూ తొమ్మిదే. రోజుకి ఆరొందల కాజాలు కుట్టేదాన్ని, గుండీకి కాజా కలవకపోతే నా కంటికి ఆనదా? ఒకే చోటి నుంచి తెప్పించారుగా, అయిదింటికీ పదే.

మరి చెప్పలేదేమంటారా?

చెబుదామనే వచ్చాను. మీరు పైవాటా ఆయనతో మాట్లాడుతున్నారు. నన్ను చూసి, "కాఫీయా? అక్కడ పెట్టు" అన్నారు. నా చేతిలో కాఫీ లేదండీ. గ్లాసే లేదు. వెనక్కెళ్ళి కాఫీ కలిపి తెచ్చి, అక్కడ పెట్టాను.

అప్పుడనుకున్నాను, ఇంతమందిని అడుగుతున్నారు కదా, ఏదో ఒక రోజు నా వంతూ వస్తుంది, "నువ్వేమంటావే?" అంటారు, అప్పుడు చెబుదాంలే అని. క్షవరం అతని వంతయింది. మీ చెల్లెలి వంతయింది. మొహం తెలియని రెండొందల మంది వంతూ అయింది. నేను నడుస్తూనే ఉన్నాను. రెండు జతల చెప్పులు అరిగాయి. పంతమా అంటే పంతమే. భయమా అంటే భయమే. ఏది ఎంతో నాకే తెలీదు.

పోనివ్వండి. మీరు అడగలేదు, నేను చెప్పలేదు.

సోమవారం ఏడున్నరకల్లా బయల్దేరాలి. బండి మీరే నడపండి. దారి మాత్రం నన్నడగండి. అయిదు నెలలు నడిచినదాన్ని, ఏ గుంట ఎక్కడుందో నాకు తెలుసు.