శిలాఫలకంపై ఖాళీ పంక్తి

వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం, మన వంతెనల విభాగంలో సహాయ ఇంజనీరుగా చేరడానికి వచ్చిన ఒక యువతి, తమ నియామకపు ఉత్తర్వును ప్రధాన గుమాస్తాగారి బల్లమీద ఉంచి, నమస్కరించి, ఆయన కూర్చోమనకముందే ఒక మాట విన్నవించారు. ఆ ఉత్తర్వులో ఉన్న పేరు తమది కాదని.

ప్రధాన గుమాస్తాగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "మరి ఎవరి ఉద్యోగానికి వచ్చావమ్మా?" అని అడిగారు.

"ఉద్యోగం నాదేనండీ. పేరే నాది కాదు. మొదటి అక్షరం కింద ఒత్తుండాలి. చివర 'ళ' ఉండాలి, 'ల' కాదు."

"ఒక్క ఒత్తుకోసం ఇంత పట్టింపయితే ఎలాగమ్మా? ఒత్తు లేకపోయినా జీతమైతే వస్తుంది."

"జీతం వస్తుందండీ. పిలిస్తే నేను పలకను."

నేడు పర్యవేక్షక ఇంజనీరుగా పదవీ విరమణ చేస్తున్న మన మేడమ్‌గారి ఉద్యోగ జీవితంలో ఇది మొదటి సంభాషణ. తదుపరి దశాబ్దాలలో ఇదే సంభాషణ వేర్వేరు గదులలో, వేర్వేరు వ్యక్తులతో, ఇంచుమించు ఇవే మాటలతో అనేక పర్యాయాలు జరిగింది.

వారి పేరు మూడక్షరాలది. నడిమి అక్షరానికి ఏ ప్రత్యేకతా లేదు గనుక దానినైనా ఎవరూ తప్పు రాయరని వారి నమ్మకం. పేరు సవరించవలసిందిగా వారు పెట్టుకున్న విన్నపానికి బదులుగా పై కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తర్వులో ఒత్తు మంజూరయింది గాని, 'ళ' మంజూరు కాలేదు. రెండవ విన్నపానికి 'ళ' వచ్చింది, ఒత్తు పోయింది. గుర్తింపు కార్డులోనూ, గది తలుపు మీది పలకలోనూ, గ్రంథాలయపు చీటీలోనూ వారు ముగ్గురు నలుగురు వేర్వేరు వ్యక్తులుగా చలామణీ అయ్యారు. టెలిఫోనులో పేరు చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ వారు స్వరం పెంచకుండా, తొందర పడకుండా, "కింద ఒత్తుందండీ" అని చేర్చేవారు. అవతలివారు "ఆ, తెలుసండీ" అనేవారు. అలా అన్నవారే ఎక్కువగా తప్పు రాసేవారని వారి పరిశీలన.

పనిచోట మేస్త్రీలు వారికి 'ఒత్తు మేడమ్' అని పేరు పెట్టారు. ఈ ముద్దుపేరు వెనుక కథ తెలియని గుత్తేదారులు మాత్రం, సిమెంటు పాలు తగ్గినా, ఇసుకలో మన్ను కనిపించినా వారు ఒత్తి ఒత్తి అడుగుతారు గనుక ఆ పేరు వచ్చిందనుకునేవారు. ఆ అపోహను తొలగించవలసిన అవసరం వారికి ఎన్నడూ కనిపించలేదు.

తొలి ఏళ్ళన్నీ చిన్న కల్వర్టుల మీదనే గడిచాయి. మోకాళ్ళ లోతు బురదలో దిగి పునాది గోతులు స్వయంగా కొలవడం, కాంక్రీటు పోసే రోజున ఉదయం నుంచి పని ముగిసేదాకా అక్కడినుంచి కదలకపోవడం, ఏది ఎందుకు చేయమంటున్నారో కూలీలకు సైతం వివరించి చెప్పడం అప్పటినుంచే వారికి అలవడ్డాయి.

వారి వివాహం ఈ కాలంలోనే జరిగింది. వరుడు కళాశాలలో భౌతికశాస్త్ర ఉపన్యాసకులు. శుభలేఖలు వరుడి ఇంటివారు అచ్చువేయించారు. ఒత్తూ లేదు, 'ళ'యూ లేదు. కట్టలు విప్పి చూసిన పెళ్ళికొడుకు నల్ల సిరా కలం తీసుకొని, వరండాలో చాప పరచుకొని, ఒక్కొక్క శుభలేఖనూ దిద్దసాగారు. వాళ్ళమ్మగారు కాసేపు చూసి, "వచ్చేవాళ్ళు భోజనానికొస్తారా, పేరు చదవడానికొస్తారా? వేళ్ళు నొప్పెట్టవట్రా?" అన్నారు.

"ఇందులో ఉన్న అమ్మాయెవరో నాకు తెలీదమ్మా. నేను చేసుకుంటున్నది ఇంకో అమ్మాయిని" అన్నారాయన.

ఈ సంగతి మేడమ్‌గారికి పెళ్ళయిన చాలాకాలానికి ఆడపడుచు ద్వారా తెలిసింది. ఆయన చొక్కా జేబు మీది సిరా మరకల గురించి వారు ఫిర్యాదు చేయడం అప్పటినుంచి మానుకున్నారని ఆడపడుచుగారి కథనం.

పదోన్నతి పొంది ఉప కార్యనిర్వాహక ఇంజనీరు అయిన రెండవ వానాకాలంలో, పట్టణానికి తూర్పున నదిమీద ఉన్న పాత వంతెన వారి అధీనంలోకి వచ్చింది. ఆ వంతెనతో వారికి చిన్ననాటి పరిచయం ఉంది. తండ్రిగారు బస్సు కండక్టరు. ఆయన ఉద్యోగమంతా ఆ వంతెన దాటే బస్సులోనే గడిచింది. బడి సెలవుల్లో కూతురిని ముందు సీటులో కూర్చోబెట్టుకొని అటూ ఇటూ తిప్పేవారు.

నది పెరుగుతున్న రోజుల్లో వారు పడవ మీద వంతెన కిందికి వెళ్ళి చూశారు. నడిమి స్తంభం పునాది కింద మన్ను కోసుకుపోయి, చేతికర్ర పూర్తిగా దూరేటంత గొయ్యి పడింది. తక్షణం కార్యాలయానికి వచ్చి, భారీ వాహనాలను నిషేధిస్తూ ఉత్తర్వు టైపు చేయించి, సంతకం చేసి పంపారు. టైపు చేసినవారు అలవాటు చొప్పున పేరు తప్పు కొట్టారు. ఏ కాగితాన్నయినా ముందుగా తమ పేరు దగ్గర చూసే మేడమ్‌గారు, ఆ ఒక్కనాడు స్తంభం గురించిన వాక్యాలు మాత్రమే చదివి సంతకం చేశారు.

మధ్యాహ్నానికి వంతెన దగ్గర లారీలు బారులు తీరాయని కబురు వచ్చింది. వారు వెళ్ళేసరికి అడ్డుకర్ర దగ్గర కానిస్టేబులూ, అతనికెదురుగా ఉత్తర్వు ప్రతి చేతపట్టుకొని లారీ యజమానుల సంఘం అధ్యక్షుడూ నిలబడి ఉన్నారు.

"మేడమ్, ఇక్కడ టైపు చేసిన పేరొకటి, కింద సంతకంలో పేరొకటి. ఈ టైపు పేరుతో మీ ఆఫీసులో ఎవరూ లేరని ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కున్నాను. మరి వంతెన మూసిందెవరు? ఇది చెల్లుతుందా?" అన్నాడు అధ్యక్షుడు.

కానిస్టేబులు అడ్డుకర్ర మీది చెయ్యి తీయలేదు గాని, మేడమ్‌గారి ముఖంలోకి చూశాడు. అతని అనుమానమూ సబబైనదే. ముందున్న లారీ ఇంజను ఆపలేదు.

అంతకాలమూ ఆ తప్పు వారికి విసుగు తెప్పించింది, అంతే. ఇంటికి వెళ్ళి చెప్పుకుంటే నవ్వుకొనే సంగతి అది. ఇప్పుడది వంతెనకూ లారీకీ మధ్య వచ్చి నిలబడింది. తమకు ఆ క్షణాన వచ్చిన కోపం టైపు చేసినవారి మీద కాదని, పేరు చూసుకోకుండా సంతకం చేసిన తమ మీదనేనని వారు తరువాత సహోద్యోగులతో అన్నారు. ఉత్తర్వు ప్రతిని తీసుకొని, ముందు లారీ బానెట్టు మీద పరచి, ఒత్తు పెట్టి, 'ల'ను కొట్టివేసి 'ళ' రాసి, పక్కన పొడి అక్షరాల సంతకమూ తేదీయూ వేశారు.

"మూసింది నేను. ఇప్పుడు చదవండి."

అధ్యక్షుడు నవ్వాడు. "ఒత్తు పెట్టగానే వంతెన బలహీనమైపోయిందా మేడమ్?"

"ఒత్తు లేకపోతే ఆగేది ఆర్డరు ఒక్కటే. మీ లారీ ఎక్కితే ఏదాగుతుందో, ఏదాగదో నేను చెప్పలేను. కింద పడవ ఉంది. రండి, మీరే చూద్దురుగాని."

ఆయన నిజంగానే వచ్చాడు. పంచె పైకి మడిచి పడవెక్కి, స్తంభం దగ్గర కర్ర తానే తీసుకొని నీళ్ళలోకి పొడిచాడు. కర్రతోపాటు ఆయన చెయ్యి కూడా మోచేతిదాకా లోపలికి పోయింది. తిరిగి ఒడ్డు పైకెక్కి, మొదటి లారీ డ్రైవరుతో, "వెనక్కి తిప్పరా. అందర్నీ తిప్పమను" అన్నాడు.

మరుసటి వారం వరదకు నడిమి స్తంభం ఒరిగి, దాని మీది దూలాలు నదిలో పడిపోయాయి. కబురు విన్న మేడమ్‌గారు వంతెన మీద ఎవరైనా ఉన్నారా అని అడిగారు. లేరని తెలిశాక కుర్చీలో కూర్చొని ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, ఇంకొక గ్లాసు అడిగారు.

కొంతకాలానికి అధ్యక్షుడు సంఘం తరఫున కృతజ్ఞతాపూర్వకంగా వారి బల్ల మీదికి ఒక ఇత్తడి పేరుపలక చేయించి తెచ్చాడు. అందులో ఒత్తూ లేదు, 'ళ'యూ లేదు, నడిమి అక్షరం సైతం వేరొకటి. వారు ఎంతో మర్యాదగా స్వీకరించి, ఆయనకు టీ ఇప్పించి పంపి, పలకను బీరువాలో పెట్టారు.

కూలిన చోటనే కొత్త వంతెన కట్టే బాధ్యతను, కార్యనిర్వాహక ఇంజనీరు హోదాలో, ప్రభుత్వం వారికే అప్పగించింది. ఆ నాలుగేళ్ళలో వారు సెలవు తీసుకున్నది అరుదు. స్తంభాల పునాదులు రాయి తగిలేదాకా దింపవలసిందేనని వారు పట్టుబట్టడం, ఖర్చు పెరుగుతుందని పై అధికారులు అభ్యంతరం చెప్పడం, ప్రతి అభ్యంతరానికీ వారు పాత స్తంభం ఛాయాచిత్రాన్ని ముందుంచడం మనలో పలువురికి గుర్తుండే ఉంటాయి.

ప్రారంభోత్సవానికి ముందునాటి సాయంత్రం శిలాఫలకాన్ని తెచ్చి నిలబెట్టారు. ముఖ్య అతిథి పేరు, ఇతర ప్రముఖుల పేర్లు, వాటి కింద నిర్మాణ ఇంజనీరుగా మేడమ్‌గారి పేరు, చివర గుత్తేదారు పేరు. నల్లరాతిలో లోతుగా, తీర్చిదిద్దినట్లున్న అక్షరాలు. వారి పంక్తిలో రెండు తప్పులూ యథాతథంగా ఉన్నాయి.

శిల్పిని అడిగారు. "ఒత్తంటే ఇప్పుడే పెట్టేస్తానమ్మా. ఈ 'ల'ని 'ళ' చెయ్యాలంటే మాత్రం కుదరదు. రాయి కదా, చెక్కిందాన్ని మళ్ళీ పూడ్చలేం" అన్నాడతను.

అప్పటి పర్యవేక్షక ఇంజనీరుగారు నచ్చజెప్పబోయారు. "వదిలెయ్యండమ్మా. రాతిమీద పేరు పడటమే గొప్ప. మా పేర్లు ఎక్కడా లేవు."

"లేకపోతే ఫరవాలేదు సార్. తప్పుగా ఉంటేనే నాకు ఇబ్బంది."

మేడమ్‌గారు శిల్పి వైపు తిరిగి, ఆ ఒక్క పంక్తినీ అక్షరాల లోతు వరకూ చెక్కేసి నునుపు చేయమన్నారు. అతను ఉలి పట్టుకొని కూడా వెనుకాడాడు. "వంతెన కట్టిన మీ పేరే తీసెయ్యమంటారేంటమ్మా? నా చేత్తో నేనెలా తియ్యను?"

"తప్పు మీది కాదు. మీకిచ్చిన కాగితంలోనే అలా ఉంది. అక్షరాలు చాలా బాగా చెక్కారు. అందుకే తీసెయ్యమంటున్నాను. ఇంత బాగా చెక్కితే జనం అదే నిజమనుకుంటారు."

చీకటి పడకముందే పని ముగిసింది. సాయంకాలపు ఎండలో ఆ పంక్తి కొంచెం లోతుగా, అద్దంలా నునుపుగా కనిపించింది. వారు చాలాసేపు అక్కడే నిలబడ్డారని కావలివాడు చెప్పాడు. బాధ కలగలేదని వారు ఎన్నడూ అనలేదు.

మరునాడు సభ ముగిశాక తండ్రిగారు అల్లుడినీ మనవరాలినీ వెంటబెట్టుకొని ఫలకం దగ్గరికి వచ్చారు. స్టాపుల పేర్లు చెప్పినట్టు ఒక్కొక్క పంక్తినీ పైకి చదువుకుంటూ కిందికి దిగారు. ఖాళీ దగ్గర ఆగారు.

"నీ పేరేదమ్మా?"

"ఆ ఖాళీ నాదే నాన్నా."

ఆయన దాని మీద అరచెయ్యి ఆనించారు. "తప్పు రాశారా?"

"రాశారు."

"రెండూనా?"

"రెండూ."

"పెట్టింది నేను, మోసింది నువ్వు" అన్నారాయన. ఫలకం మీంచి చెయ్యి తీసి, "పదండి, బస్సెక్కి అవతలికి వెళ్ళొద్దాం" అన్నారు.

ఆ రోజు కొత్త వంతెన దాటిన మొదటి బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఆయన కూర్చోలేదు. ముందు తలుపు దగ్గర కమ్మీ పట్టుకొని, అవతలి ఒడ్డు వచ్చేదాకా నిలబడే ఉన్నారు. తండ్రిగారిని అంత సంతోషంగా తాము మళ్ళీ చూడలేదని మేడమ్‌గారు చెబుతారు.

ఆ తరువాత పర్యవేక్షక ఇంజనీరుగా వారి హయాంలో జరిగిన నిర్మాణాలు మన విభాగంలో అందరికీ తెలిసినవే. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరి చేతా తమ పేరు తామే రాసేలా చేసి, అచ్చయి వచ్చాక వారికే చూపించే పద్ధతిని మేడమ్‌గారు ప్రవేశపెట్టారు. దానివల్ల జాప్యం జరుగుతోందని గొణిగినవారు ఉన్నారు. తమ పేరు మొదటిసారి సరిగా చూసుకొని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నవారూ ఉన్నారు.

ఇంతకీ ఈ పట్టుదలకు కారణమేమిటని కుమార్తె ఒకసారి అడిగిందట. అందులో తాతగారి జ్ఞాపకమో, మరేదైనా పెద్ద సంగతో ఉండి ఉంటుందని ఆ అమ్మాయి ఆశించింది. "నా పేరు నాకిష్టం. అంతే" అన్నారు మేడమ్‌గారు, కూరగాయలు తరుగుతూ.

ఈ పదవీ విరమణ సందర్భంగా, పాత ఫలకాన్ని తొలగించి, వారి పేరుతో కొత్తది ప్రతిష్ఠించాలని సిబ్బంది అందరూ తీర్మానించి, అనుమతి కూడా సంపాదించారు. వారు విని, ఆలోచించి, వద్దన్నారు. "దాన్నలాగే ఉండనివ్వండి, నాకలవాటైపోయింది. మీరంత ఖర్చు పెట్టేటట్టయితే వంతెన కమ్మీలకు రంగు వేయించండి. అటువైపు తుప్పు పడుతోంది." కమ్మీలకు కిందటి నెలలోనే రంగు వేయించాము. వారు వచ్చి చూసి, రెండవ పూత పలుచగా ఉందని మళ్ళీ వేయించారు.

ఆ వంతెనకు వారు నూరేళ్ళ ఆయువు లెక్కగట్టారు. వారి లెక్క తప్పిన దాఖలా మన విభాగంలో లేదు. ఆ నూరేళ్ళూ పూర్తయిన నాడు దానిని తనిఖీ చేసి యోగ్యతాపత్రం ఇవ్వడానికి వారే స్వయంగా, చేతికర్ర అవసరం లేకుండా, భర్తగారి తోడుతో నడిచి రావాలనీ, అందుకు చాలినంత ఆరోగ్యమూ, ఆయువూ, కంటిచూపూ, ఓపికా వారికి నిండుగా లభించాలనీ మనసారా కోరుకుంటున్నాము.