మసక అద్దం పైన ఐదు చేతులు

ముందు ఆ గాజు రెక్కని కిటికీలోంచి తీసెయ్యి ఓస్‌హిల్, నీకు పుణ్యముంటుంది. ఎండ దానిమీద పడి తిన్నగా నా మొహంలోకి కొడుతోంది. రెండుసార్లు కుర్చీ జరుపుకున్నాను, అయినా వదలట్లేదు.

తియ్యవా? సరేలే. నీ ఇల్లు, నీ కిటికీ.

అసలు దాన్ని తెచ్చి నీ చేతిలో పెట్టడానికి వాళ్ళకి మనసెలా ఒప్పిందంటాను? అదీ చర్చిలో, శవపెట్టె పక్కన. మొగుడు పోయిన మనిషికి బహుమతి! చలికాలంలో వేళ తప్పని విమాన సంస్థ అని చెక్కిన గాజుముక్క. హెగ్రే ఎయిర్ పెద్దాయన నల్లకోటు వేసుకొచ్చి, నిజానికిది తోర్‌గ్రిమ్‌ది అన్నాడు. నువ్వు తలూపి తీసుకున్నావు. నేను మూడో వరసలో కూర్చుని నా బూట్లు చూసుకుంటున్నాను.

వద్దు, ఇంకో వాఫుల్ వద్దు. నువ్వు చేసినది బాగాలేక కాదు.

చెప్తాను, చెప్తాను. అందుకేగా రమ్మన్నావ్. ఆ రోజు కోపెన్‌హాగెన్‌లో బహుమతుల కమిటీవాళ్ళు తోర్‌గ్రిమ్ జట్టు గురించి ఏమన్నారో ఒక్క మంచి ముక్క చెప్తే, సమాధి రాతి మీద చెక్కించుకుంటానన్నావ్. నువ్వు లోపలే ఉన్నావుగా గుడ్‌లైక్ అన్నావ్. ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

దానికంటే ముందు ఒకటి చెప్పు. ఆ బ్రెడ్ డబ్బా కింద పెట్టావే, ఆ కాగితం. సంతకం పెట్టేశావా?

లేదు కదా? హమ్మయ్య.

హెగ్రేవాళ్ళు రేపొస్తారా? వచ్చినప్పుడు పెడతానంటావు. అందులో ఏం రాశారో చదివావా? మంచు కడిగాక పైలట్‌కి చెయ్యెత్తి చూపాల్సిన మనిషి చూపలేదు, వాళ్ళింకా అక్కడే ఉన్నారని పైలట్‌కి తెలీలేదు, అందుకే విమానం కదిలింది, ఇందులో సంస్థ తప్పేమీ లేదు అని. నువ్వూ అదే నమ్ముతున్నావు. నాతోనే ఎన్నిసార్లన్నావు, ఒక్క చెయ్యి ఎత్తి ఉంటే బతికేవాడు కదా, ఎప్పుడూ తొందరే ఆ మనిషికి అని. ఇందాక నేను తలుపు తీసేసరికి కూడా నువ్వు వాడి ఫోటోని తిడుతున్నావు. విన్నాను.

ఆ చెయ్యెత్తడం వాడికి నేర్పింది ఎవరనుకున్నావు?

నేనే. అప్పుడు హెగ్రేలో విమానం ఎగిరేలోపు నేల మీద జరిగే పనంతా నా కిందే ఉండేది. వాడు కొత్తగా చేరాడు, చెవులదాకా టోపీ లాక్కుని. ట్రక్కు మీద బుట్టలో నిలబెట్టి రెక్కమీద మంచు ఎలా కడగాలో చూపించాను. కడగడం ఎవడైనా కడుగుతాడురా, తర్వాత చేసేదే పని అని చెప్పాను. ట్రక్కు వెనక్కి రావాలి. పూర్తిగా వెనక్కి. అప్పుడు బుట్టలోంచి చెయ్యి నిటారుగా ఎత్తాలి, మేం ఇక్కడున్నాం, ఇంకా కదలకు అని. అద్దం వెనకాల పైలట్ బొటనవేలు చూపించేదాకా దించకూడదు. చెయ్యి గడ్డకట్టినా సరే, దించకూడదు.

వాడు దించేవాడు కాదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు, తోర్‌గ్రిమ్ టాక్సీ పిలుస్తున్నాడురా అని.

పోయినేడు ఈస్టర్‌కి కొండ మీది మా క్యాబిన్‌కి వచ్చాడు, గుర్తుందా? నీకు జలుబు చేసి నువ్వు రాలేదు. గోడకి ఆనుకుని ఎండలో కూర్చున్నాం. వాడు నారింజ వలుస్తున్నాడు, తొక్కలన్నీ మంచులో గుచ్చుతూ. ఉన్నట్టుండి అన్నాడు.

"ఇప్పుడు చెయ్యెత్తడం లేదు గుడ్‌లైక్. ఎత్తనివ్వడం లేదు. మేం ఇంకా రెక్క పక్కనే ఉంటాం, ఆఫీసు లోపల్నించి ఎవడో పైలట్‌కి రేడియోలో అయిపోయింది అనేస్తాడు. అలా మూడు నిమిషాలు మిగులుతోందట."

పై వాళ్ళకి చెప్పావా అన్నాను. రెండుసార్లు రాసిచ్చాడట. కాలం మారింది, నువ్వింకా పాత పద్ధతులు పట్టుకుని వేలాడుతున్నావు అన్నారట. ఇంకో తొన ఒలిచి నా చేతిలో పెట్టాడు. నువ్వు ఆ కమిటీలో ఉన్నావుగా, పెద్ద పెద్దవాళ్ళతో కూర్చుంటావుగా, ఎవరి చెవిలోనైనా వెయ్యి అన్నాడు.

చూద్దాం అన్నాను.

అవును, నీకు చెప్పలేదు. వాడూ చెప్పి ఉండడు, నువ్వు భయపడతావని.

సెప్టెంబర్‌లో కమిటీ కూర్చుంది. ఆరుగురం. నిపుణులం మరి! దుప్పట్ల నిపుణుడు ఒకడు, కుర్చీల నిపుణుడు ఒకడు, వైన్ వాసన చూసి ఏ కొండ ద్రాక్షో చెప్పే ఐర్లండ్ ఆయన ఒకడు. నేను నేల మీద పనికి నిపుణుణ్ణి. అధ్యక్షురాలు బిర్థే, డేనిష్ ఆవిడ, మాటకారి. చేతిలో చిన్న గంట పెట్టుకుని కూర్చుంటుంది. విమానంలో ఇచ్చే చాక్లెట్ ముక్క గురించి నలభై నిమిషాలు కొట్టుకున్నాం ఓస్‌హిల్. కరిగిందా, విరిగిందా, కాగితం చప్పుడు చేసిందా అని. నేను కూడా, సిగ్గులేకుండా.

తర్వాత బిర్థే ఇంకో ఫైలు తెరిచి హెగ్రే ఎయిర్ పేరు చదివింది.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరి పాత సంస్థ పేరు వస్తే వాళ్ళు లేచి బయటికెళ్ళాలి. మంచీ చెప్పకూడదు, చెడ్డా చెప్పకూడదు. తలుపేసుకుని వాళ్ళు తేల్చుకుంటారు, మళ్ళీ పిలుస్తారు. నేను లేచి వెళ్ళాను.

వసారాలో ఒక బల్ల, దాని మీద దాల్చినచెక్క బన్నులు. ఒకటి తీసుకున్నాను. ఆ గదికి గోడ అంతా అద్దమే, కానీ మనిషి తలదాకా మసక పూశారు. లోపల మనుషులు కనపడరు, మాట వినపడదు. పైన ఒక జానెడు మేర మాత్రం శుభ్రంగా ఉంది.

ఓటు వేశారు. ఆ జానెడు మేరలోకి చేతులు లేచాయి. మనుషులు లేరు, ఉత్త చేతులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. కాసేపు అలాగే ఉండి దిగిపోయాయి. మొత్తం కలిపి ఆరు నిమిషాలు, గడియారం చూశాను. నోట్లో బన్ను ముక్క ఇంకా అలాగే ఉంది.

అదీ వాళ్ళన్నది. నేను విన్నది ఏమీ లేదు. నీ రాతి మీద చెక్కించడానికి నా దగ్గర ఒక్క అక్షరం లేదు.

జనవరిలో వాడిని విమానం రెక్క కొట్టేసిందని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు వాడి మొహం గుర్తు రాలేదు ఓస్‌హిల్. ఆ చేతులు కనపడ్డాయి. అప్పట్నించీ వదలట్లేదు. బస్సులో పట్టీలు పట్టుకుని నిలబడతారు చూడు, లెక్కపెడతాను. పాస్టర్ దీవించడానికి చెయ్యెత్తితే ఒళ్ళు ఝల్లుమంటుంది. మొన్న ఈతకొలను దగ్గర ఎవరో ఆవిడ స్నేహితురాలికి చెయ్యి ఊపితే, నేను గట్టిగా, దించకు అన్నాను. అందరూ తిరిగి చూశారు. ఎక్కడ చూసినా చేతులే. ఒక్కటి తక్కువవుతుంది.

వద్దు. నా చెయ్యి వదిలెయ్యి. ఓదార్చకు.

పద్ధతి అది కదా, నువ్వేం చేస్తావు అంటున్నావు. ఇదిగో, సరిగ్గా ఇదే నా వల్ల కావట్లేదు. కూర్చో. లేవకు, ఆ కాఫీ కెటిల్ అక్కడ పెట్టి కూర్చో.

ఆ పద్ధతి ఐదేళ్ళకే. సంస్థ వదిలి ఐదేళ్ళు దాటితే కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు వెయ్యవచ్చు. నేను హెగ్రే వదిలి అప్పటికి ఏడేళ్ళు.

నేను లేస్తుంటే బిర్థే కాగితం చూసి అంది కూడా. "నువ్వు వెళ్ళనక్కర్లేదు గుడ్‌లైక్. నేల మీద పని తెలిసినవాడివి నువ్వొక్కడివే. కూర్చుని ఏమనుకుంటున్నావో చెప్పు."

అడిగింది. నోరు తెరిచి అడిగింది నన్ను.

నేనేమన్నానో తెలుసా? వద్దులే, మనసు ఒప్పుకోదు, వాళ్ళ ఉప్పు తిన్నవాణ్ణి, బయటుంటేనే మర్యాద అన్నాను. ఎందుకంటే కూర్చుంటే చెప్పాలి. చెప్తే ఎవరు చెప్పారు అంటారు, రుజువేది అంటారు, హెగ్రే వాళ్ళు బహుమతుల విందులో మాతో మాట్లాడటం మానేస్తారు. మరుసటేడు నన్ను పిలవరు. నీకు తెలుసుగా నా బతుకు. మా ఆవిడ మార్గిట్ పోయాక నన్ను ఎవరైనా పనిగట్టుకుని పిలిచేది ఏడాదికి ఆ రెండు రోజులే. బల్ల మీద నా పేరు రాసిన అట్టముక్క పెడతారు. దాన్ని ఇంటికి తెచ్చుకుని దాచుకుంటాను నేను. ఆరు ఉన్నాయి.

ఆ అట్టముక్క కోసం వాడిని వదిలేశాను.

ఇంకా విను. లోపలికి పిలిచాక బిర్థే లేచి నిలబడింది. గుడ్‌లైక్ లాంటి నిజాయితీపరుడు కమిటీకి గౌరవం అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మెడ వంచి నవ్వాను.

బహుమతి వచ్చిందిగా, ఇంక తోర్‌గ్రిమ్ మాట ఎవడు వింటాడు? ఆ మూడు నిమిషాలే కొత్త పద్ధతి అయిపోయింది. నవంబర్‌లో రేవు పక్కన కలిశాడు. కంపెనీవాళ్ళు మార్జిపాన్ అనే బాదం ముద్ద కేకు పంచారట, గాజు రెక్క బొమ్మ వేసి. మీవాళ్ళు బాగానే ఇచ్చారు అన్నాడు. అంతే. ఇంకేమీ అడగలేదు. చెవిలో వేశావా అని కూడా అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

కాబట్టి వాడిని తిట్టకు ఓస్‌హిల్. ఆ ఫోటోని తిట్టకు. చెయ్యెత్తే మనిషి వాడొక్కడే మా అందరిలో. వాడి చెయ్యి దింపించారు. దింపిస్తున్నారని తెలిసి ఊరుకున్నవాడు ఇదిగో, నీ వాఫుల్ తింటూ కూర్చున్నాడు.

ఆ కాగితం మీద సంతకం పెట్టకు. రేపు వాళ్ళొచ్చినప్పుడు నేనూ వస్తాను. ఈస్టర్ నాడు వాడు చెప్పింది చెప్తాను, తేదీతో సహా. వాడు రెండుసార్లు రాసిచ్చాడని చెప్తాను, వెతికి తియ్యమంటాను. ఇంక కమిటీ లేదు, ఏమీ లేదు. మానేస్తున్నానని నిన్ననే బిర్థేకి ఉత్తరం వేసేశాను.

ఏమిటలా చూస్తావ్?

లేచావెందుకు?

ఆ గాజు రెక్కని తీశావ్. దేనికి? ఓ... నా ఒళ్ళో పెట్టడానికా. సరే. ఇవ్వు. బరువుగానే ఉంది.

తలుపెందుకు తెరిచావ్, చలిగాలి వస్తోంది కదా. నన్ను వెళ్ళమంటున్నావా?

వెళ్తాలే. కోటు ఇలా ఇవ్వు. రేపు వాళ్ళు ఎన్నింటికి వస్తారో అదొక్కటి చెప్పు చాలు. నువ్వు లోపలికి పిలిచేదాకా మెట్ల మీదే ఉంటాను. బయట నిలబడటం నాకు బాగా అలవాటే.