కాటయ్య వంతు

"ఇప్పుడంటవేందిరా? బండి వచ్చే టైంల?"

"పోవద్దంటలేను. జర ఆగుదామంటాన. వచ్చే వారం చూద్దాం."

వరంగల్ స్టేషన్‌లో కార్తీకమాసపు పొద్దు అది. హన్మకొండలో మోటార్లకు వైండింగ్ చేసే భానుచందర్ గాలం కర్రల సంచీతో, సముద్రం వైపున్న గూడూరుకు టికెట్లతో బెంచీ మీద కూర్చున్నాడు. దోస్తును నమ్మడం తప్ప మరొకటి తెలియని మనిషి, పాపం. సెల్‌ఫోన్ల షాపు నడిపే ఆ దోస్తు వినయ్ మాత్రం వచ్చినప్పటినుంచీ నిలబడే ఉన్నాడు.

"వచ్చే వారం ఏముంటదిరా? అల్పపీడనం మొన్ననే పోయె. వాన తెరిపిచ్చె. సరస్సు నిండి, సముద్రంల కలిసే మొగ నుంచి నీళ్ళు బయటికి దుంకుతుంటయ్. ఆటు మొదలైందంటే పండుగప్ప చేప ఆ మొగ అంచుకే వచ్చి నిలబడ్తది. ఏడాది మొత్తంల మనకు దొరికేది గీ రోజులే."

"బీచ్ దిక్కు అలలు పెద్దగున్నయంట. నీళ్ళు బురద బురదంట."

"బీచ్‌ల మనమెన్నడు ఏసినం? మనది మొగ కాడ గదా, ఆ ఊరి జాలరి కాటయ్య తాత వల కట్టే వంతుల."

"మొగ కాడ గూడ మంచిగ లేదు. ఇసుక మేట ఉత్తరం దిక్కు జరిగింది. నిలబడ జాగ లేదు."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలో... వాతావరణం యాప్‌ల చూసిన."

"యాప్‌ల ఇసుక మేట గూడ చూపెడ్తదా?"

"అబ్బ, నువ్వు ప్రతిదానికి..."

"సరే తియ్. చేప పడకున్నా నాకు ఫికర్ లేదు. తాతను చూసొద్దాం. కొత్తవాడల జంపఖానా కొన్న ఆయనకు, ఇగో. వస్తానమని చెప్పలే. మనల్ని చూసి కండ్లు పెద్దగ చేస్తడు చూడు."

"చెప్పలేదా?"

"చెప్పలే. మా నాయిన పోయినంక నన్ను 'తిన్నావా అబ్బయ్యా' అని అడిగే మనిషి ఆయనొక్కడే రా. మొదటిసారి మనం తవుడు ముద్దలు పట్టుకపోతిమి, నెక్కొండ చెరువుల ఏసినట్టు. గుర్తుందా?"

"ఉంది."

"ఎంత నవ్విండు! 'ఇది ఉప్పునీళ్ళు అబ్బయ్యా, ఈడ చేప ముద్దలు తినదు' అని బతికున్న రొయ్యలు ఆయనే తెచ్చిచ్చె. ఏందిరా, నవ్వవైతివి?"

"తలనొప్పిగుంది."

"కూసో అయితే. సంచి ఇటియ్యి, నీ గాలం రీలుకు దారం మార్చినవో లేదో చూస్త."

"మార్చిన. వద్దు. వద్దంటాన గదా భానూ..."

"ఇదేందిరా, తుప్పు?"

"పాతది గదా."

"నిరుడు వచ్చినంక మంచినీళ్ళతోని కడిగి, నూనె రాసి ఇచ్చింది నేనే. మన చెరువులల్ల ఏస్తే గిట్ల తుప్పు పట్టది. ఇగో, హ్యాండిల్ సందుల ఉప్పు ఇంకా తెల్లగనే ఉంది."

"అది ఇటియ్యిరా, సంచిల పెడ్త."

"ఎప్పుడు పోయినవ్?"

"బండి అనౌన్స్ చేస్తాండ్రు, ఆగు..."

"ఎప్పుడు పోయినవ్ రా?"

"దీపావళి తెల్లారి."

"అత్తగారింటికి డోర్నకల్ పోతానంటివి!"

"డోర్నకల్ మీదికెళ్లే పోయిన."

"నకరాలొద్దు. ఒక్కనివే పోయినవా?"

"షాపుకొచ్చే దోస్తులు. సముద్రం చేప పట్టాలని నా పానం తీసిండ్రు."

"ఎంతమంది?"

"రెండు కార్లు."

"రెండు కార్లా! మూడో మనిషిని తేవద్దని తాత మన చేతులు పట్టుకొని చెప్పిండు గదరా. ఆ మొగ ఆయన సొంతమా? ఊరోళ్ళు వంతులేస్కొని వల కడ్తరు. తన వంతుల మనకింత జాగ ఇచ్చుడే ఎక్కువ."

"నాకు తెల్వదా."

"తెలిసే చేసినవా?"

"ఒక్కపూటకు ఏమైతదనుకున్న. వీళ్ళేమో మందు తాగి, ఆటు మొదలుగాంగనే మొగ పొడుగుత నిలబడ్డరు. అవుతలి వంతోళ్ళ వలల గాలాలు తట్టుకొని వల చినిగింది. లొల్లి లొల్లి అయింది."

"తాత?"

"ఊరి పెద్దలు కూసున్నరు. ఈయన రానిచ్చిన మనుషులే గదా అని..."

"అని?"

"ఈ ఏటికి ఆయన వంతు తీసేసిండ్రు."

"ఓరి నీ పాడుగాను! కార్తీకం తప్పితే ఆయనకేముందిరా? ఏడాది గాసం ఆ మొగల్నే గదా!"

"మెల్లగ. అందరు చూస్తాండ్రు."

"చూడనియ్. నా పానం మండుతాందిరా. చిన్నప్పటి సంది ఒక్క కంచంల తిన్నం, నాకు చెప్పకుండ పోతవా? నేను గీ బండికే పోత. ఆయన కాళ్ళు పట్టుకుంట. ఊరి పెద్దల కాళ్ళు గూడ పట్టుకుంట."

"పోకు భానూ."

"ఎందుకు పోవద్దు?"

"రెండు కార్లను చూసి తాత ముందుగాల రానియ్యనన్నడు. ఎవలు పంపిండ్రని అడిగిండు."

"నువ్వేం చెప్పినవ్?"

"నీ మాటంటే ఆయన కాదనడు గదా..."

"ఏం చెప్పినవ్ రా?"

"భాను పంపిండని చెప్పిన. గప్పుడే రానిచ్చిండు. మా అందరికి అన్నం గూడ పెట్టిండు."

"నా పేరు మీద."

"తప్పయింది రా."

"లొల్లి అయినంక చెప్పొచ్చు గదా నిజం? ఆగు, నేనే ఫోన్ చేస్త. ఇప్పుడే చెప్త."

"చెయ్యకు."

"కట్టయింది. ఒక్కసారి మోగి కట్టయింది. మళ్ళ చేస్త..."

"ఎన్నిసార్లు చేసినా కలువది భానూ. ఆ రోజు కార్లు ఎక్కేముందు తాత తన ఫోన్ తెచ్చి నా చేతిల పెట్టిండు. 'భాను ఫోన్ ఇంక నాకు రాకుండ చెయ్యి అబ్బయ్యా, నాకు చేతగాదు' అన్నడు. నేనే చేసిచ్చిన."