మునెమ్మ గుండుతో మూడు దేశాలు

“అవ్వా, నువ్వూ మునెమ్మవ్వా మూడు దేశాలు తిరిగొచ్చినారు గదా, ఆ ముచ్చట మొదటి నుంచీ చెప్పు. ఫోన్లో పెట్టుకుంటా.”

పెట్టుకో పాపా. నొక్కినావా? ఎర్రగా వెలగాలంట సూడు. మొన్న మీ తాత నా మాటలు ఎక్కిస్తానని ఫోను పట్టుకోని అరగంట కూర్చున్నాడు. తీరా చూస్తే ఆయన ముక్కే పడింది. బాగానే వచ్చిందిలే, పెద్దది గదా.

ఏం చెప్పమంటివి? ఆ, మునెమ్మ. మునెమ్మంటే మీ తాతకు చెల్లెలు, నాకు ఆడబిడ్డ. ఆడబిడ్డను పొగిడే వాడుక మా పుట్టింట్లోనూ లేదు, ఈ ఇంట్లోనూ లేదు. నాలుగు మంచి మాటలు నోరు జారితే వయసైపోయిందిలే అనుకో.

బంగారుపాళ్యం కాడ హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండాది గదా, దాంట్లో ముప్పై సీజన్లు కాయ కోసింది అది. ముప్పై అంటే, ఉండు, వాళ్ళ పాప పుట్టిన యేడాది చేరింది... ముప్పైయ్యొకటి అనుకో. కత్తి పట్టుకుంటే కన్ను మూసి తెరిసేలోపల కాయ ఒకపక్క, టెంక ఒకపక్క. నోరు మాత్రం లేదు. ఒక మాట మాట్లాడితే ఆ పొద్దు కూలీలో పట్టుకుంటారేమో అన్నట్టు ఉంటాది. నాకేమో, నీకు తెలుసు గదా, దేవుడు ఆ ఇంటికి ఇయ్యాల్సిన నోరంతా నాకే ఇచ్చినాడు.

ఒగనాడు వచ్చి వాకిట్లో కూర్చునింది. “వదినా, మామిడి కాసే దేశాలు ఇంకా ఉండాయంట. ఆడ కాయ ఎట్ల కోస్తారో చూడాల” అనింది. ఫోన్లో చూసిందంట, ఎవురో పిల్లోడు వీపుకు ఒక సంచి తగిలించుకోని తక్కువ ఖర్చులో దేశాలు తిరిగేది. వాని సంచీ చూసి, ఇంత సంచైతే నేనూ మోస్తాను అనుకునింది. అంతే. దాని మొగుడు బతికుండేటప్పుడు కాణిపాకం పోవాలన్నా వారం, వర్జ్యం చూసేవాడు. ఆయన పోయినాడు, కూతురు కుప్పంలో సంసారం చేసుకుంటా ఉండాది, ఇంగ అడిగేవాళ్ళు లేరు. “నాకు చెయ్యి ఉండాది, నీకు నోరు ఉండాది. రెండూ కలిస్తే ఒక మనిషి అవుతాము. వస్తావా?” అని అడిగింది. అది పుట్టినాక మాట్లాడిన అన్ని మాటల్లో అదే పెద్దది. కాదని ఎట్ల చెప్పేది?

మీ తాత టీ బంకు కాడ అందరికీ చాటినాడు. “ఇద్దురూ చిత్తూరు బస్టాండులోనే దారి తప్పుతారు. వారంలోపల ఏడ్చుకుంటా రాకపోతే నా మీసం తీసేస్తా” అని. మేము ఇరవై రెండు దినాలకి వచ్చినాము. ఆ మీసం నువ్వు దినామూ చూస్తానే ఉండావు.

పాసుపోర్టులు వచ్చినాయి. విమానం టిక్కెట్లు బంగారుపాళ్యంలో జిరాక్సు అంగడి పాప తీసిచ్చింది. మన సీజను మొదులయ్యేలోపల తిరిగి రావాల, లేకపోతే దాని కత్తి ఇంకొకరు పట్టుకుంటారు. పోయేదానికి ముందర కొండకు పోయినాము. నా పెండ్లప్పుడు మన ఊర్నించి తిరుపతికి బస్సుచార్జీ మూడు రూపాయల చిల్లర, ఆ చిల్లర కూడా మా నాయన కండక్టరు కాడ వాదులాడి ఎనక్కి తీసుకునేవాడు. ఇప్పుడు ఆ డబ్బుకి బస్సు పక్కన నిలబడనీరు. అది ఉండనీ. మునెమ్మ ఏం మొక్కుకునిందంటే, క్షేమంగా పోయొస్తే తలనీలాలు ఇస్తానని. అందురూ వచ్చినాక ఇస్తారు. ఇది ముందే ఇచ్చేసింది. “ముందే ఇస్తే సామికి కూడా మాట తప్పేదానికి ఉండదు గదా వదినా” అనింది. నున్నగా గుండు. నేను మూడు కత్తెర్లతో సరిపెట్టినా. నా జడ ఎలకతోకంత ఉండాది, అదీ పోతే మీ తాత నన్ను గుర్తుపట్టడు. గుర్తుపట్టకపోతే నష్టమేముందని మునెమ్మ అడగలా గానీ, అడిగినట్టు చూసింది.

పాసుపోర్టులో దాని ఫోటో కొప్పుతో ఉండాది పాపా. నెత్తి మీద ఇంత కొప్పు. ఆ సంగతి మా ఇద్దురికీ తట్టలా, జిరాక్సు పాపకీ తట్టలా. తిరుపతి జిల్లా, చిత్తూరు జిల్లా రెంటిలో గుండు చూసి ఇది ఎవురబ్బా అని అడిగేవాళ్ళు ఎవురుండారు? మన కండ్లకి గుండు అంటే గుండే, మనిషి మారినట్టు కాదు.

మద్రాసు విమానాల కాడ సంచి ఏడు కిలోలు దాటకూడదు అన్నారు. దానిది అయిదు. రెండు చీరలు, ఒక టవలు, ఒక చెంబు, రాగిపిండి, అటుకులు, చెనిక్కాయల పొడి. నాది పద్నాలుగు. దోసె పెనం ఎందుకు తెచ్చినావని అడగొద్దు, ఎవురూ అడగొద్దు. ఆ పెనాన్ని సాగనంపేదానికి వచ్చిన మీ నాయన చేతికిచ్చి, మూడు చీరలు ఒకదాని మీద ఒకటి కట్టుకోని విమానం ఎక్కినా. మద్రాసు ఎండలో. సీట్లో కూర్చుంటే బెల్టు చాలలా. ఆడ ముద్ర కొట్టే ఆయన మునెమ్మ గుండు చూసి, ఫోటో కల్లా చూసి, “తిరుపతియా? దర్శనం బాగా అయిందా?” అని అరవంలో అడిగి కొట్టేసినాడు. మలేషియాలోనూ అంతే. ఆడ ముద్ర కొట్టే ఆయనా తమిళాయనే, గుండు చూసి దండం పెట్టినాడు. మన సామి పలుకుబడి సముద్రం దాటినా పని చేస్తా ఉండాదని నేను మురిసిపోయినా.

మలేషియాలో అరవం తెలిస్తే చాలు. ఒక గుడి పక్కన హాల్లో చాప పరుచుకోని నాలుగు దినాలు ఉన్నాము. దుడ్లు వద్దన్నారు వాళ్ళు. మునెమ్మ ఊరికే తినేది కాదు గదా. వంటింట్లోకి పోయి కత్తిపీట ముందర కూర్చునింది. రెండో దినానికి ఆ వంటాయన దానికి కాయగూరల పనంతా ఒప్పజెప్పి పేపరు చదువుకున్నాడు. నేనూ సాయం చేసినా. వడ్డించేటప్పుడు ఎవురికి ఎంత పెట్టాలో చెప్పినా.

ఆడ్నించి రైలు ఎక్కి థాయిలాండు గడి కాడికి, అదే సరిహద్దు కాడికి పోయినాము. అసలు కత ఈడ ఉండాది.

స్టేషన్లోనే ముద్రలు కొడతారు. ఒక గది దాటితే ఆ దేశం. నన్ను ముందర పంపించినారు. నా మొగం ఎట్లున్నా ఫోటో మాదిరే ఉంటాదిలే. మునెమ్మ పోతానే ఆ కుర్ర ఆఫీసరు ఫోటో చూసినాడు, దాన్ని చూసినాడు, మళ్ళా ఫోటో చూసినాడు. కొప్పు ఉండే మనిషి యాడ, ఈ గుండు యాడ. వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టమన్నాడు. పెట్టింది. ముద్ర పడలా. పదిసార్లు పెట్టింది, పడలా. యాడ పడతాది? ముప్పై యేండ్లు పులుపులో నానిన వేళ్ళు, కత్తి అరగదీసిన వేళ్ళు, నున్నగా ఉంటాయి. మన రేషనంగట్లోనూ ఇదే గోడు, డీలరు దీన్ని చూస్తానే మిషన్ పక్కన పెట్టి నెత్తి గోక్కుంటాడు.

ఆ పిల్లోడు ఫోన్లో ఏమో మాట్లాడి దాని మొగం ముందర పెట్టినాడు. ఫోను తెలుగులో మాట్లాడింది పాపా, వార్తలు చదివే ఆయమ్మ మాదిరి. “మీరు సన్యాసినియా?” అని. ఆడ గుండు కొట్టించుకోని తెల్లగుడ్డ కట్టుకునే ఆడోళ్ళు ఉంటారంట, గుళ్ళల్లో. వాళ్ళంటే అందురికీ గౌరవం. మునెమ్మ చీర కూడా ఉతికి ఉతికి తెల్లగానే అయిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. గీతకి ఇవతల నిలబడి, “అవునను మే, అవునను” అని సైగ చేస్తా ఉండా.

అది ఫోను కల్లా వంగి, “కాదు సామీ. నేను మామిడికాయలు కోసే కూలిదాన్ని. మొక్కు తీర్చుకున్నా” అనింది.

ఒక్క మాట. అవును అనుంటే దండం పెట్టి పంపించుండే వాళ్ళు. దాని కంచంలో పడని అన్నం అది తినదు, దానిది కాని దండం కూడా తీసుకోదంట. ఆ పిల్లోడు పాసుపోర్టు పక్కన పెట్టి బెంచీ చూపించినాడు. కూర్చునింది. పెద్ద ఆఫీసరు రావాల, ఒప్పుకోకపోతే వచ్చిన రైలుకే ఎనక్కి.

మా రైలు కూత పెట్టింది. రైలాయన నన్ను రమ్మని చెయ్యి ఊపినాడు. నేను పోలా. ఎందుకు పోలా అంటే, ఏదో పెద్ద మనసని అనుకోవద్దు. దాని సంచీలో తిండి ఉండాది, నా సంచీలో చీరలు ఉండాయి. రైలు పోయింది. ఆ గదికి నడిమద్యన నేలమీద ఒక పసుపు గీత గీసుంటారు. గీతకి ఇవతల నేను కూర్చున్నా, అవతల అది. నడుమన అటుకులు పెట్టుకున్నాము. ఎవురో ఒకరు ఈడ కూర్చోవద్దని అంటారేమో అని చూసినా, ఎవురూ అనలా.

అప్పుడు నేనేం ఆలోచిస్తా ఉండానో చెప్పేదా? ఇది ఎనక్కి పోతే ఊర్లో ఏమవుతాదో నాకు తెలుసు. “దేశాలు చూస్తానని పోయి గుండుతో తిరిగొచ్చింది” అని పేరు పడిపోతాది. చచ్చేదాకా గుండు మునెమ్మే. టీ బంకు కాడ ఆ మాట ఎవురు మొదట అంటారో, ఎట్ల అంటారో, యాడ ఆపి యాడ నవ్విస్తారో, అంతా నాకు నోటికి వచ్చేసింది. ఎందుకంటే పాపా, ఊర్లో అట్లాటి పేర్లు పెట్టేది ఎవురు? నేనే గదా. మాటలన్నీ తయారైపోయినాయి నా నోట్లో. దాన్ని చూస్తే అటుకుల్లో పొడి కలిపి, నాకు ఎక్కువ, దానికి తక్కువ, ఆకుల్లో పెడతా ఉండాది. ఆ పొద్దు మొదటిసారి నా నోరంటే నాకే భయమేసింది.

“అవునని చెప్పేదానికి ఏం రోగమే నీకు?” అని అడిగినా.

“కొప్పు పోయింది వదినా. పేరన్నా ఉండనీ” అనింది.

పొద్దు వాలేటప్పుడు పెద్దాఫీసరు వచ్చింది. ఆడమనిషి, మా వయసుకి అయిదారేండ్లు తక్కువుంటాది. ఫోటో పట్టుకోని మునెమ్మ గడ్డం కింద వేలు పెట్టి మొగం ఎత్తింది. కుడి చెంప మీద నల్లగా, రూపాయి బిళ్ళంత, సొన కాలిన మచ్చ ఉండాది దానికి. మామిడికాయ తొడిమ విరిసేటప్పుడు సొన చిమ్ముతాది గదా, అది. ఫోటోలోనూ ఆ మచ్చ అట్నే ఉండాది. పాసుపోర్టు ఆఫీసులో తీసిన ఫోటో కాబట్టి బతికిపోయినాము. అదే మన స్టూడియో వాడైతే మచ్చ తుడిసేసి, తెల్లగా సున్నం కొట్టి, ఎనకాల జలపాతం పెట్టి ఇచ్చుంటాడు.

ఆయమ్మ మచ్చను వేలితో తాకి చూసింది. తన చొక్కా చెయ్యి పైకి మడిసింది. ఆయమ్మ మోచేతి కాడ అదే మచ్చ. ఇంకొంచెం పెద్దది. మామిడిపండు బొమ్మ గాల్లో గీసి, చిన్నప్పుడు ఇంత ఉన్నప్పుడు అని చెయ్యి కిందికి పెట్టి చూపించింది. ఇద్దురూ మచ్చలు పక్కపక్కన పెట్టుకోని నవ్వినారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఫోను అవసరం కూడా రాలా. ముద్ర టక్కుమని పడింది. తన టిపను డబ్బా తెరిసి, పచ్చికాయ ముక్కలు, ఉప్పూకారం పెట్టింది. మునెమ్మ ఒక ముక్క కొరికి, “పీచు లేదు వదినా” అనింది. అదీ దాని సంతోషం.

ఆ పైన ఏముండాది, అంతా సుఖమే. కిటికీలు తెరిసిపెట్టుకోని పొయ్యే చెక్కసీట్ల రైలు, చార్జీ ఈడ రెండు దోసెలు తినేంత. ఆడ తోపుల్లో చెట్టు మీద ఉండంగానే ఒక్కో కాయకీ కాగితం సంచి తొడుగుతారు. మన తోపుల్లో కాపలా మనిషికే చొక్కా ఉండదు, ఆడ కాయకి చొక్కా. ఒక సంతలో మామిడిపండు కోసి అన్నంతో అమ్మే ఆమె కాడ మునెమ్మ కత్తి అడిగి తీసుకునింది. పది కాయలు కోసేసరికి జనం గుంపు కట్టినారు. ఆయమ్మ మమ్మల్ని వారం దినాలు ఇంట్లో పెట్టుకునింది. తర్వాత ఏటి మీద వంతెన దాటి లావోసు పోయినాము. ఆడ కట్టెకాళ్ళ మీద ఇండ్లు, అన్నాన్ని ముద్ద చేసి కారంలో అద్దుకోని తినేది. సంగటీ, ఊరుబిండీ అనుకో. నేను తెచ్చిన మూడు చీరల్లో రెండు, ఆడ మాకు చోటిచ్చిన ఇంటోళ్ళకి మునెమ్మ ఇచ్చేసింది. నా చీరలే. నన్ను అడగలా. నేనూ ఏమీ అనలా చూడు, అంత మెత్తబడిపోయినా.

తిరిగొచ్చినాము. టీ బంకు కాడ అందురూ నా చుట్టూ చేరినారు, కతలు చెప్పు, మునెమ్మ ఏం చేసింది అని. నేను కాయల చొక్కాలు చెప్పినా, కట్టెకాళ్ళ ఇండ్లు చెప్పినా, గడి కాడ జరిగింది మాత్రం చెప్పలా. చెప్పలేదు పాపా, నేను! మూడు నెలలు కడుపులో పెట్టుకున్నా. తిన్నది అరగలా. మీ తాత ఆసుపత్రికి పిలుచుకోని పోతానన్నాడు.

మూడు నెలలకి సీజను నడమలో మునెమ్మ ఏం చేసింది? ఫ్యాక్టరీలో నలభై మంది ఆడోళ్ళ నడుమన, కాయ కోస్తా కోస్తా, తనే చెప్పేసింది. బెంచీ, వేలిముద్ర, నేను గీత ఇవతల కూర్చునింది, అంతా. నాకంటే బాగా చెప్పిందంట. నలభై మందీ పడీ పడీ నవ్వినారంట, అదీ నవ్విందంట. పేరు పెట్టేదానికి ఒకరికీ నోరు రాలా. ఆ వారంలోనే ఇద్దురు ఆడోళ్ళు పాసుపోర్టుకి అర్జీ పెట్టినారు.

నా మూడు నెలల అజీర్తి దండగ. ఇరవై రెండు దినాలు పక్కన పడుకున్నా, ఒక్క తప్పు దొరకలా దాంట్లో. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలా.

నువ్వు కూడా పో పాపా, చదువైనాక. చిన్న సంచి తీసుకోని పో. చల్లగా పోయి చల్లగా రా. యాడ ఎవురు ఏం అడిగినా ఉండేదే చెప్పు, తక్కింది వాళ్ళు చూసుకుంటారు. తోడుకి మాత్రం నోరుండే మనిషిని పిలుచుకోని పో. అట్లాటి మనిషి కూడా గమ్మునుండే మాదిరి నడుచుకో, అంతకంటే నేనేం దీవించేది... ఇంకా ఎర్రగానే వెలగతా ఉండాదే అది?